తేదీ ఉన్న ముక్క

మధ్యాహ్నం రెండింటికి మందుల షాపావిడ డిటెక్టివ్ గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాలుగింటికి నా చీటీ రాసే హక్కు తీసేస్తారండీ. ఇక మీరే దిక్కు."

చిన్న జబ్బులకూ బీపీకీ మందుల షాపువాళ్లే మందు రాయవచ్చని ఆర్నెల్ల క్రితం కొత్త రూలు వచ్చింది. మొన్న ఆమె ఒక ముసలి దర్జీకి రోజుకో బీపీ బిళ్ల రాసి, ఐదు బిళ్లలిచ్చింది. నిన్న అతను కుట్టుమిషను మీదే స్పృహతప్పి ఆసుపత్రిలో చేరాడు. జేబులో అవే బిళ్లల స్ట్రిప్ ముక్కలు రెండు దొరికాయి. రెట్టింపు మోతాదు ఇచ్చిందని ఎదురువీధి డాక్టరు మందుల ఆఫీసరుకు ఫిర్యాదు చేశాడు.

"వేరే మందులు వాడుతున్నాడేమో అడిగారా?"

"అడిగాను. లేవన్నాడు. అది రాసి సంతకం కూడా పెట్టించాను."

"ఆ డాక్టరుకి మీరంటే గిట్టదా?" అన్నాడు అసిస్టెంటు.

"పొట్లాలు కట్టేదానికి వైద్యమెందుకని నలుగురిలో అన్నాడు."

ముగ్గురూ షాపుకు వెళ్లారు. అసిస్టెంటు తలనొప్పి బిళ్లలు రెండు అడిగాడు. ఆమె తేదీ, బ్యాచ్ నంబరు లేని వైపు నుంచి స్ట్రిప్ కత్తిరించింది.

"ఎప్పుడూ అటునుంచేనా?" డిటెక్టివ్ అడిగాడు.

"తేదీ కొస ఆఖరున అమ్ముతామండీ. అది ముందే పోతే మిగతావాటి గడువు ఎలా తెలుస్తుంది?"

"ఆ బీపీ మందో?"

"ఈ వారమే తెచ్చాను. ఒకటే డబ్బా, పది స్ట్రిప్పులు."

డిటెక్టివ్ డబ్బా తెరిచి చూసి, చంకలో పెట్టుకున్నాడు. మందుల ఆఫీసరు దగ్గరికెళ్లి జేబులో దొరికిన ముక్కలు చూశాడు. ఒకదాని కొసన తేదీ ఉంది. బ్యాచ్ నంబరు రాసుకుని ఎక్కడికో ఫోన్ చేశాడు.

నాలుగింటికి విచారణకు ఆసుపత్రిలో దర్జీ మంచం చుట్టూ అందరూ చేరారు. దర్జీ కళ్లు మూసుకున్నాడు, నిద్రపోవడం లేదు.

"తేల్చేదేముంది? రెండు ముక్కలూ ఆవిడవే," అన్నాడు డాక్టరు.

డిటెక్టివ్ డబ్బాను మంచం మీద బోర్లించాడు. "పది స్ట్రిప్పుల తేదీ కొసలూ ఇక్కడే ఉన్నాయి. మరి ఈ పదకొండోది ఎక్కడిది? కంపెనీవాళ్లని అడిగాను. ఇది డాక్టర్లకు ఉచితంగా ఇచ్చే శాంపిళ్ల బ్యాచ్. ఈ ఊళ్లో తీసుకున్నది మీరొక్కరే డాక్టరుగారూ."

దర్జీ భార్య మొగుణ్ణి పొడిచింది. "ప్రాణం మీదికొచ్చినా మొహమాటమేనా? చెప్పవయ్యా!"

"తల తిరుగుతోందని వెళ్తే ఈయనిచ్చారు బాబూ," అన్నాడు దర్జీ. "ముప్పై ఏళ్ల డాక్టరు. ఆవిడ దగ్గర చీటీ రాయించుకున్నానంటే నొచ్చుకుంటారని చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఒకటి బీపీకి, ఒకటి తల తిరుగుడికి అనుకున్నా."

"పొరపాటు జరిగింది," అన్నాడు డాక్టరు గోడకేసి చూస్తూ.

"ఇచ్చినప్పుడు పొరపాటే. నిన్న ఆ ముక్కల్ని చూడగానే మీకు తెలిసిపోయింది. తెలిసీ ఈవిడ మెడకు చుట్టారు. దాన్ని పొరపాటనరు."

పెద్ద చదువులవాళ్లకు తప్పు ఒప్పుకోవడం ఏ క్లాసులోనూ నేర్పరు కాబోలు. డాక్టరు బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఫిర్యాదులో షాపావిడ పేరు ఆఫీసరు కొట్టేశాడు.

"అదంతా సరే, సాయంత్రం బిళ్ల వెయ్యాలా వద్దా?" అంది దర్జీ భార్య.

"వార్డు డాక్టరమ్మ చెప్పేదాకా ఏదీ వద్దు పెద్దమ్మా," అంది షాపావిడ.

"నాకు గుర్తుండదు. రాసివ్వు తల్లీ."

ఆమె కాగితం తీసి, పెన్ను కోసం వెతుక్కుంది. ఆఫీసరు తన పెన్ను తీసి ఆమెకు అందించాడు.