సంహిత ఎడమ చెయ్యి

"నా గిటార్ ఎవరు ముట్టుకున్నరు?"

గొడుగు మూయకుండానే, నీళ్లు కారుస్తూ మెట్లు దిగొచ్చి అరిచిందా అమ్మాయి.

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో కింద, సెల్లార్‌లో ఉంటుంది నా రిపేర్ షాపు. అందులో పనిచేసేది నేనొక్కణ్నే. ఇంకొకరి మీదకి నెట్టే అవకాశం లేదు.

"నేనేనండీ. బాలశౌరి అంటారు. నిన్న మీరు ఇచ్చి వెళ్లారు, పొద్దునే తీసుకెళ్లారు కదా..."

"ఇచ్చినప్పుడు ఏం చెప్పిన? వైరు పెట్టే జాక్ లూజ్ అయింది, అదొక్కటి బిగించుమన్న. తీగలెందుకు కిందికి దించినవ్?"

బేస్ గిటార్ని సంచీలోంచి తీసి నా బల్ల మీద పెట్టింది. అంత కోపంలోనూ చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టింది.

"తీగలు చెక్క నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నాయండీ. వాటిని నొక్కాలంటే వస్తాదు అయ్యుండాలి. పాపం అనిపించి రెండున్నరకి దించాను. ఫ్రీ సర్వీస్."

"ఫ్రీ సర్వీసా! పొద్దున స్టూడియోల ముప్పై మంది కూసున్నరు. నేను జర గట్టిగ వాయిస్తె చాలు, తీగ పోయి మెడ మీది ఫ్రెట్ కడ్డీలకు తాకి జుయ్యిమంటున్నది. మూడు టేకులు ఖరాబైనయ్. సౌండ్ ఇంజనీర్ అద్దంలకెళ్లి నన్నెట్ల చూసిండో తెల్సా?"

తప్పు నాదే. మాది ఫిరంగిపురం. చర్చిలో పాటల బృందం వాయిద్యాలు బాగుచేస్తూ ఈ పని నేర్చుకున్నాను. వాయించే మనిషి చెయ్యి చూడకుండా తీగల ఎత్తు మార్చకూడదని మా గురువు మొదటి రోజే చెప్పాడు. ఆ ముందు రోజు వాన పడుతోంది, పనేమీ లేదు, చేతులు ఊరుకోలేదు.

"సారీ అండీ. కూర్చుని ఒక్కసారి వాయించండి. చూసి, మీ చేతికి తగ్గట్టు ఇప్పుడే సెట్ చేస్తాను."

మూతి ముడుచుకునే కూర్చుంది. వాయించడం మొదలుపెట్టాక మూతి సంగతి మరిచిపోయింది.

పాటలో బేస్‌ని ఎవరూ విడిగా వినరు. తీసేస్తే మాత్రం పాట నడవలేక కూలబడుతుంది. ఆ అమ్మాయి వాయిస్తుంటే నా బల్ల మీద స్క్రూలు కూడా తాళానికి కదిలాయి. నేను మాత్రం ఆమె ఎడమ చేతినే చూస్తున్నాను. చూపుడువేలు, మధ్యవేలు పరుగెడుతున్నాయి. ఉంగరపు వేలు ఆలస్యంగా వస్తోంది. చిటికెన వేలు అసలు రావడమే లేదు, పక్కకి ముడుచుకుని ఉండిపోయింది.

"చిటికెన వేలికి ఏమైందండీ?"

పాట ఆగిపోయింది.

"ఏం కాలె. తిమ్మిరి. నిద్రల చెయ్యి కింద పడ్డది."

"ఎన్నాళ్ల నుంచి?"

"నువ్వు డాక్టర్‌వా, మెకానిక్‌వా?"

"మెకానిక్నే."

"అయితే తీగలు చూడు."

చూశాను. ఆమె కొట్టే బలానికి తగినట్టు, తీగల్ని మోసే బ్రిడ్జి కాస్త పైకి లేపి, మెడ లోపలి ఇనుప కడ్డీని పావు చుట్టు తిప్పి ఇచ్చాను. ఆమె మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. కోపం పోయింది. దాని చోట భయం ఉంది.

"నా వేలు సంగతి ఎవ్వరికీ చెప్పకు. ఇప్పుడు బేస్ అంతా కీబోర్డులకెళ్లే వస్తున్నది. మనిషే వాయించాలె అనే మ్యూజిక్ డైరెక్టర్లు ముగ్గురున్నరు. నా వేలు పని చేస్తలేదని తెలిస్తే వాళ్లు గూడ పిలువరు."

"చెప్పనండీ."

"అండీ గిండీ వద్దు. నా పేరు సంహిత."

ఆ రోజు ఆ మాట ఇచ్చినందుకు నాకెంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒకమ్మాయి, అంత బాగా వాయించే అమ్మాయి, తన రహస్యం నా దగ్గర పెట్టి వెళ్లింది.

ఆ తర్వాత మంగళవారాలు సంహితవి అయిపోయాయి. జూబ్లీహిల్స్‌లో రికార్డింగ్ ముగించుకుని, మధురానగర్ ఇంటికి వెళ్లేముందు నా సెల్లార్‌కి వచ్చేది.

మొదట సన్నటి తీగలు వేశాను. అవీ కష్టమైతే అర స్వరం కిందకి శ్రుతి చేసి బిగువు తగ్గించాను. బేస్ తలవైపు బరువు ఎక్కువై ఎడమ చేతి మీద వాలుతోందని, శ్రుతి మరలు తీసేసి తేలికవి పెట్టాను. చివరికి పొట్టి మెడ ఉన్న బేస్ ఒకటి నేనే వెతికి తెచ్చి, భుజం పట్టీ కోసి కురచ చేసి, ఆమె గుండెలకి దగ్గరగా నిలబెట్టాను.

"మెడ చేతికే వచ్చింది చూశావా? సాగదీయక్కర్లేదు," అన్నాను.

"అరె, బొమ్మ గిటార్ లెక్కున్నది!" అని నవ్వింది. "స్టూడియోల అందరు నవ్వుతరు."

"నవ్వనీ. సౌండ్ విన్నాక నోళ్లు మూస్తారు."

"నువ్వు బాగ ఫేకుతవ్ బాలశౌరీ."

"ఫేకడం అంటే?"

"కోతలు కోసుడు. మూడేండ్లాయె హైదరాబాద్‌ల ఉండి, గది గూడ తెల్వదా?"

"గది అంటే రూమే కదా?"

ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. వాళ్ల 'గది' అంటే 'అది' అని నాకు తెలుసు. ఆ నవ్వు కోసం, తెలిసినవి కూడా తెలియనట్టు అడిగేవాణ్ని. వాళ్లమ్మ కౌసల్య గారు కట్టిచ్చిన డబ్బాలోంచి సర్వపిండి నాకు సగం విరిచి పెట్టేది. బయట వాన ఆగినా ఇద్దరం ఆగలేదన్నట్టే కూర్చునేవాళ్లం.

దసరా వచ్చేసరికి ఆమె టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుంటోంది. ఎడమ చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంటపడింది. చూశాను.

"సంహితా, ఒకసారి డాక్టర్‌కి చూపించు."

"ఈ సినిమా అయిపోనీ."

"సరే," అన్నాను.

ఇంకోసారి అనలేదు. గట్టిగా అంటే రావడం మానేస్తుందేమోనని భయం. మళ్లీ మంగళవారానికి ఇంకా సన్నటి తీగలు తెప్పించి పెట్టాను.

డిసెంబర్‌లో ఒకరోజు ఆర్కెస్ట్రా మనుషుల్ని కుదిర్చే రాబర్ట్ ఫోన్ చేశాడు. "బాలశౌరీ, మీ బొమ్మ గిటార్ పిల్ల రికార్డింగ్ మధ్యలో చెయ్యి పట్టుకుని కూలబడిపోయిందయ్యా. హాస్పిటల్‌కి తీసుకెళ్లాం."

మూడో రోజు మధ్యాహ్నం కౌసల్య గారు షాపుకొచ్చారు. అంతకుముందు ఆవిడని ఫోన్‌లో ఫొటోగానే చూశాను. నేత చీర, భుజాన స్కూలు బ్యాగు. గవర్నమెంట్ స్కూల్లో లెక్కల టీచరు.

"బాలశౌరి అంటె నువ్వేనా బిడ్డా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

కూర్చోలేదు. "మోచేతి కాడ నరం నలిగిపోయిందంట. గంటలు గంటలు మోచెయ్యి మడిచి పెట్టుడుతోటి. ఆరు నెల్ల ముందల వస్తే నయమయ్యేదన్నడు డాక్టర్. ఇప్పుడు ఆపరేషన్ చేసినా ఆ చివరి రెండు వేళ్లు రావంట. నీకు ముందే తెల్సా?"

నేను గోడకి వేలాడుతున్న, ఆ పట్టీలోంచి కోసేసిన ముక్క వైపు చూశాను. దూరంగా ఉండే మెడని నేనే దగ్గరకి తెచ్చాను. నేను తేలిక చేశాననుకున్న ప్రతిసారీ ఆమె మోచెయ్యి ఇంకొంచెం మడుచుకుంది.

"తెలుసమ్మా. జూన్ నుంచి తెలుసు. మోచెయ్యి మడిచేలా బేస్‌ని సెట్ చేసింది కూడా నేనే. నరం సంగతి నాకు తెలీదు. కానీ చెయ్యి పాడవుతోందని తెలుసు. తెలిసే ఊరుకున్నాను."

ఆవిడ నా మొహంలోకి చూశారు.

"ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన. తప్పు చేసినోడు మొఖం దాస్కుంటడు. నువ్వు దాస్కుంటలేవు. అందుకే నా చెయ్యి లేస్తలేదు," అని మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆపరేషన్ అయిన మర్నాడు హాస్పిటల్‌కి వెళ్లాను. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, కిటికీ వైపు చూస్తోంది సంహిత.

"అమ్మ అంతా చెప్పింది," అంది నా వైపు తిరగకుండానే. "నేను మొండిదాన్ని. నాకు తెల్సు. పని పోతదని భయపడ్డ. నీకేం భయం ఉండె బాలశౌరీ? నువ్వెందుకు గట్టిగ వద్దనలే?"

"అంటే నువ్వు రావని."

తిరిగి చూసింది.

"మంగళవారం కోసం వారమంతా చూసేవాణ్ని. నువ్వంటే ప్రేమ సంహితా. అది చెప్పే ధైర్యం లేక, ఎప్పటికప్పుడు తీగలు మార్చాను."

అంతకన్నా చెడ్డ సమయంలో ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. ఆమె కళ్లలోంచి నీళ్లు చెవుల మీదకి జారాయి. కుడి చెయ్యి దుప్పటి కింద ఉండిపోయింది, తుడుచుకోలేదు.

"ప్రేమ ఉన్నోడు చెయ్యి పట్టి డాక్టర్ కాడికి గుంజుకపోతడు," అంది. "పో."

వచ్చేశాను.

జనవరి, ఫిబ్రవరి, మార్చి. రాబర్ట్‌ని అడిగితే, ఆమె స్టూడియోలకి రావడం లేదనీ, ఆమె చోట కీబోర్డే వాయిస్తున్నారనీ చెప్పాడు. నేను ఫోన్ చేయలేదు. క్షమించమని అడిగితే, క్షమించే పని కూడా ఆమె మీద పెట్టినట్టవుతుందనిపించింది. ఎవరైనా నొప్పని వస్తే మాత్రం, గిటార్ ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పంపాను. ఇద్దరు తిట్టిపోయారు.

ఏప్రిల్ ఎండలో ఒక మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సంహిత. చిక్కిపోయింది. వెనకాలే కౌసల్య గారు, భుజాన బేస్ సంచీ మోసుకుంటూ.

"ఎడమ చేతి వాటంకు మార్చిస్తవా?" అంది సంహిత.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కుడి చెయ్యితోటి తీగలు నొక్కుత. ఎడమ చెయ్యితోటి మీట్త. మీటెతందుకు రెండు వేళ్లు చాలు. అవి ఉన్నయ్."

సంచీ అందుకోబోయి ఆగాను. "డాక్టర్ ఒప్పుకోకుండా నేను ముట్టుకోను."

ఆమె బ్యాగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. రోజుకి అరగంట. పట్టీ పొడుగ్గా ఉండాలి, మోచెయ్యి మడవకూడదు. నొప్పి వస్తే ఆపేయాలి. మూడుసార్లు చదివాను.

"సదివినవా? ఇప్పుడు చెయ్యి."

తీగలన్నీ విప్పాను. మెడ చివర తీగలు ఆనే పాత నట్ ఊడదీసి, గాళ్లు తిరగేసి ఎముకతో కొత్తది చెక్కాను. పట్టీ గుండీని అవతలి కొమ్ముకి మార్చి, పొడుగు పట్టీ తగిలించాను. లావు తీగ ఉన్నచోట సన్నటిది, సన్నటిదాని చోట లావుది. ఎండ తగ్గేదాకా పట్టింది. ఆ ఇద్దరూ కదల్లేదు.

సంహిత బేస్ తగిలించుకుంది. అంత గొప్పగా వాయించిన మనిషి, మొదటి రోజు పాఠానికొచ్చిన పిల్లలాగా వేళ్ల వైపు చూసుకుంటూ ఒక తీగ నొక్కింది. అది పలకలేదు. మళ్లీ నొక్కింది. తప్పు స్వరం. మూడోసారి పెదవి కొరుక్కుంది.

"మళ్ల స్టూడియోల వాయించాలంటె ఎన్నేండ్లు పడ్తది?" అని నన్ను అడిగారు కౌసల్య గారు.

అబద్ధం చెప్పదలుచుకోలేదు. "అయిదేళ్లు పట్టొచ్చమ్మా. అప్పటికీ వస్తుందని చెప్పలేను."

"అయిదేండ్లు నువ్వుంటవా?"

"ఉంటానమ్మా."

"అమ్మా! అడిగేది నన్ను గదా?" అంది సంహిత. తర్వాత నా వైపు తిరిగింది. "నిన్ను ఇంకా మాఫ్ చెయ్యలే. కోపం పోలే. పొద్దున లేచి జడ ఏస్కునేటప్పుడు రోజూ వస్తది ఆ కోపం."

"రానీ."

"నొప్పిని నేను దాస్త. నాకది అలవాటు. నువ్వు చూసి ఆపాలె. నేను అరిచినా ఆపాలె. నేను రాకుండ పోతనన్నా ఆపాలె."

"ఆపుతాను."

"అయితే ఉండు."

కౌసల్య గారు కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, బల్ల మీద స్క్రూలు పక్కకి జరిపి కూర్చున్నారు. నేను గడియారం చూసి అరగంటకి అలారం పెట్టాను. సంహిత మొదటి స్వరం కోసం నాలుగోసారి తీగ నొక్కింది.