అత్తగారు కలిపిన చందమామ

ఆ ఉదయం కోడలి కాళ్లు నేలమీద ఆనడం లేదు. వంటింటి బల్ల మీది టీ కప్పులు పక్కకు జరిపి, లాప్‌టాప్ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఇంట్లో అత్తగారు, నక్షత్రాలను గమనించే అబ్జర్వేటరీలో కోడలికి పై అధికారి, ఇద్దరూ ఆవిడే. ఇలాంటి సంసారం పగవాళ్లకు కూడా వద్దని కొడుకు తరచూ అంటుంటాడు, ఆవిడ పక్కన లేనప్పుడు.

తెర మీద ఒక దూరపు నక్షత్రం వెలుగు గీతలా సాగి ఉంది. దాని గ్రహం అడ్డం వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గి ఆ గీత గుంటపడుతుంది. ఆ గుంట పక్కనే మరో చిన్న నొక్కు.

“ఆ గ్రహానికి చందమామ ఉందత్తయ్యా. పరిశోధన పేపరు ఇవాళే పంపించేస్తాను.”

“పంపకమ్మా,” అంది అత్తగారు మెల్లగా. “ఆ నొక్కు నేను కలిపింది.”

“కలపడమేంటి?”

“మన లెక్కలు చందమామని పట్టగలవో లేదో తెలియాలిగా. టీములో అందరికీ ఇచ్చిన డేటాలో ఒక దొంగ నొక్కు పెట్టాను. ముందే చెబితే పరీక్ష ఎలా అవుతుంది?”

కోడలికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. నెలల తరబడి తను తిండీ నిద్రా మాని దాని వెంట పడితే, ఈవిడ ఎదురుగా కూర్చుని ఏమీ ఎరగనట్టు టీ తాగింది.

“మీకూ తెలుసా?” అంది గుమ్మంలో నిలబడ్డ భర్తవైపు తిరిగి.

“ఈ ఇంట్లో నాకు ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు,” అన్నాడతను బిక్కమొహం వేసి.

“రేపట్నించి నేను మీ టీములో ఉండను అత్తయ్యా. ఈ ఇంట్లో కూడా ఉండను.”

“దాన్ని పట్టుకున్నది నువ్వొక్కదానివే.”

ఆ మాట కోడలి చెవికెక్కలేదు. విసురుగా ఇంకో ఫైలు తెరిచి ముందుకు తోసింది.

“అయితే ఇదీ మీ పనేగా? వేరే నక్షత్రం. నొక్కు మరీ సన్నగా ఉంది. మీరు నవ్వుతారని భయపడి చూపించలేదు.”

అత్తగారు తెరమీదికి వంగింది. గ్రహం వచ్చిన ప్రతిసారీ నొక్కు ఉంది. గుంటకు ఒకసారి ముందు, ఇంకోసారి వెనక, చందమామ తిరుగుతుంటే ఎలా ఉండాలో అలాగే. ఆవిడ మళ్లీ మొదట్నించీ చూసింది.

“నేను కలిపింది ఒక్కటేనే తల్లీ.”

కోడలు కుర్చీలో కూలబడింది. ఇందాకటి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

“నేను నవ్వుతానని ఇలాంటిది దాచుకున్నావా?” అంది అత్తగారు. “నన్ను చూసి అంత భయపడుతున్నావని ఏనాడూ అనుకోలేదు. నాదే తప్పు.”

కోడలి కళ్లు నిండిపోయాయి. “అయితే ఇది నిజమేనా అత్తయ్యా?”

“ఇప్పుడే చెప్పలేం. నాది మాత్రం కాదు,” అంటూ ఆవిడ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.