భార్యకు చూపించిన పరదాలు

ఆ ఉదయం కొట్టు తెరిచేసరికి పరదాల వ్యాపారి చేతిలో ఉన్న పెట్టుబడి ఆయన నాలుకే. కుర్చీలో కూర్చున్న మనిషిని ఉత్త చేతులతో లేవనివ్వని నాలుక అది. ముందురోజు సాయంత్రం సినిమా హాల్లో దాన్నే దుబారా చేసి, కాపురం మీదికి తెచ్చుకున్నాడు.

ఆ సినిమాలో ఒక ప్రేమజంట రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటుంది. కథంతా అంతే. ఆయనకు ఒళ్లు మండింది. "ఏదో ఒక ధరకి రండర్రా, ఇంటికెళ్లాలి!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. పక్కన భార్య కళ్లు తుడుచుకుంటుంటే, అదే ఊపులో, "మా ఆవిడ ఏడుస్తోందండోయ్, టికెట్టు డబ్బులు గుర్తొచ్చి!" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆమె సినిమా సగంలోనే లేచి బయటికి నడిచింది.

ఇప్పుడు ఆయన ఒక నర్సుకూ ఆమె తల్లికీ తానులు విప్పి చూపిస్తుండగా భార్య సంచితో వచ్చింది. తిన్నగా వాళ్ల పక్క కుర్చీలో కూర్చుంది.

"పరదాలు చూపించండి."

"ఏమిటే ఇది, ఇంట్లో..."

"కొట్టుకొచ్చిన వాళ్లని 'ఏమిటే' అంటారా?"

నర్సు ఫక్కున నవ్వింది. వ్యాపారి తెచ్చిపెట్టుకున్న చిరునవ్వుతో, "చెప్పండమ్మా, ఏ రంగు?" అన్నాడు.

"అన్నీ."

నీలం విప్పాడు. "ఇంకోటి." ఆకుపచ్చ విప్పాడు. "ఇంకోటి." ఆయన ముందు గుడ్డలు గుట్టపడ్డాయి.

"నాకేది నప్పుతుంది?"

"మీలాంటివాళ్లకైతే..."

"నాలాంటివాళ్లంటే? నేనెలాంటిదాన్నో చెప్పండి, వింటాను."

ముక్కూమొహం తెలియని మనిషికైతే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఇప్పుడు ఒక్క మాటా రాలేదు.

"నిన్న బాగానే వచ్చాయండీ ఈయనకి మాటలు," అని ఆమె నర్సు వైపు తిరిగి, హాల్లో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

నర్సు తల్లి ఆయన్ని ఎగాదిగా చూసింది. "కట్టుకున్నదాన్ని నలుగుర్లో నవ్వులపాలు చేస్తావా నాయనా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపును కళ్లారా చూసుకున్నాకే ఆమె లేచింది.

"ఏదీ నచ్చలేదు. చెల్లెలింటికి పోతున్నా. ఎప్పుడొస్తానో చెప్పను."

సంచి ఎందుకో ఆయనకప్పుడు అర్థమైంది. గద్దె దిగి, తానులు తొక్కుకుంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"నిన్న ఎందుకేడ్చావు?"

"నిన్న ఎంత గట్టిగా అరిచారో, అంత గట్టిగా అడగండి."

"ఎందుకేడ్చావే!"

"ఆ సినిమాలో అతను 'పొద్దుటినుంచీ ఏం చేశావు?' అని అడిగాడు. నిన్న పొద్దున నేను మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. ఫోన్ చేస్తే 'బేరంలో ఉన్నా' అని పెట్టేశారు. పైవాటా ఆవిడ మంచినీళ్లు పట్టింది. ఫోన్ ఎందుకు చేశావని సాయంత్రమైనా అడిగారా?"

ఆయన గుడ్డల గుట్ట మీద చతికిలబడ్డాడు. "తప్పయిపోయింది," అన్నాడు, అందరూ వినేలా. కళ్లు తుడుచుకోవడానికి ఏ గుడ్డ దొరికిందో కూడా చూసుకోలేదు.

నర్సు ఆమె నాడి పట్టుకు చూసింది. "ఇవాళే డాక్టరుకి చూపించండి."

సంచి అందుకుంటూ ఆయన గొణిగాడు. "సినిమా మాత్రం చెత్తే."

"రేపు మళ్లీ చూస్తున్నాం. చివరిదాకా. నోరు మూసుకుని."

ఆ పూట ఒక్క పరదా అమ్ముడుపోలేదు. తానులన్నీ ఆయనే చుట్టుకున్నాడు. ఆమె సాయం పట్టలేదు. చుడుతూ ఆయన ఆ కళ్లు తిరగడం గురించి ఒక్కొక్కటే అడిగాడు, ఆమె చెప్పింది. మధ్యాహ్నం డాక్టరు, "ఎన్నాళ్లనుంచి ఈ కళ్లు తిరగడం?" అంటే ఆమెకన్నా ముందు ఆయనే జవాబు చెప్పాడు. ఆ రోజుకు ఆయనకు మిగిలిన లాభం అదే.