ఎవరి టేబుల్ ఉంచాలి?

"మీ కోడ్ నా ఫైల్‌ని మింగేసింది!"

నేను ఉద్యోగంలో చేరిన వారానికి సరళకుమారి నాతో అన్న మొదటి మాట ఇది. ఆరు నెలలైనా అదే మాట. మధ్యలో ఒక్కసారి "బాగున్నారా నోవహుగారూ" అన్న పాపాన పోలేదు.

అప్పటికి 1986 జులై. నెహ్రూ ప్లేస్‌లో ఓ చిన్న కంప్యూటర్ కంపెనీ. ఫైళ్లను దాచి, అడగ్గానే తీసిచ్చే ప్రోగ్రాం మేమిద్దరం రాస్తున్నాం. తెరవడం, చదవడం నా వంతు. రాయడం, చెరపడం ఆవిడ వంతు. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే జాబితాని టేబుల్ అంటాం. నాకో టేబుల్, ఆవిడకో టేబుల్. ఆవిడ ఫైల్ చెరిపేస్తే నా టేబుల్‌కి కబురుండదు. ఉందనుకుని నేను చదవబోతాను. మెషీన్ పడుకుంటుంది. ఒకే వంటింట్లో మాటల్లేని తోడికోడళ్లలా తయారయ్యాయి మా కోడ్‌లు.

"ఒకే టేబుల్ పెట్టుకుని ఇద్దరూ వాడుకోవచ్చుగా?" అన్నారు మా మేనేజర్ సత్యనారాయణగారు.

"అలాగే సార్. నాది ఉంచుదాం," అన్నాను.

"నాది," అంది సరళ, సరిగ్గా అదే క్షణంలో.

సత్యనారాయణగారు తల పట్టుకున్నారు. "శనివారం సాయంత్రానికి ఒకే టేబుల్‌తో నడవాలి. లేకపోతే సోమవారం నుంచి మీలో ఒకరు నోయిడా ఆఫీసుకి. ఠీక్ హై?"

ఠీక్ కాదు. నోయిడాకి రెండు బస్సులు మారాలి, కానీ నా బాధ అది కాదు. ఆవిడతో పోట్లాట లేని రోజు ఎలా ఉంటుందో ఆదివారాలు చూపిస్తూనే ఉన్నాయి. ఆ రోజు గడిచి చావదు. ఇష్టపడ్డానని ఒప్పుకోవడానికి మాత్రం నాకు నామోషీ.

గురువారం మళ్లీ మొదలైంది.

"మీ టేబుల్‌లో ఫైల్‌ని ఎంతమంది వాడుతున్నారో లెక్కే లేదు. చదువుతున్నవాడి చేతిలోంచి పేపర్ లాక్కున్నట్టు చెరిపేస్తారు," అన్నాను.

"మీ టేబుల్‌లో ఒక్క పేరు వెతకాలంటే తెల్లారుతుంది. సరోజినీ నగర్ బజార్లో చున్నీలు చూసినట్టు మొదటినుంచీ ఒక్కొక్కటీ తిరగేస్తారు."

"మీకు మొండితనం ఎక్కువ."

"మీకేదో తక్కువైనట్టు!"

ఎవరి కాపీలో వాళ్లు మార్పులు చేసుకుని, చివర్లో కలపడం మా పద్ధతి. శుక్రవారం నా కాపీ ముందు కూర్చున్నాను. చాలాసేపు చూశాను. పోతే పోయింది వెధవ టేబుల్, మనిషి ఉంటే చాలు అనుకున్నాను. నా టేబుల్ మొత్తం తీసేసి, నా కోడంతా ఆవిడ టేబుల్‌ని వాడుకునేలా మార్చాను. ఆవిడకి చెప్పలేదు. చెబితే ఇంకేమైనా ఉందా?

శనివారం మధ్యాహ్నం. బయట కుండపోత. ఇద్దరి కాపీలూ కలిపి, మెషీన్ భాషలోకి మార్చమని కంపైల్ కొట్టాను. స్క్రీన్ నిండా తప్పులు. అసలు టేబులే లేదంటోంది మెషీన్.

"మీ టేబుల్ ఏదండీ?" అన్నాను.

"తీసేశాను. మీది వాడుకుంటున్నా. మీదేది?"

"నేనూ తీసేశాను! మీది వాడుకుంటున్నా!"

సరళ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఎవరు తీసెయ్యమన్నారండీ మిమ్మల్ని?" అని విరుచుకుపడింది. "ఆర్నెల్లు నా ప్రాణం తీసి, ఇప్పుడా మంచితనం?"

"మీరు మాత్రం ఒక్క మాట చెప్పారా?"

"చెబితే గెలిచానని ఎగురుతారుగా!"

"మరెందుకు తీశారు?"

ఆవిడ కీబోర్డు వైపు చూస్తూ అంది, "మీరు నోయిడా పోతే నేనెవర్ని తిట్టాలి?"

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నావీ ఎర్రబడే ఉంటాయి.

"నాకు మీరంటే ఇష్టం సరళగారూ," అన్నాను. "విసుగు కూడా."

"నాకూ అంతే. రెండూను. జరగండి, టైం లేదు."

ఒకే టెర్మినల్ ముందు రెండు కుర్చీలు వేసుకున్నాం. కొత్త టేబుల్ రాశాం. పేరు చెప్పగానే దొరికే ఆవిడ పద్ధతి, ఎంతమంది వాడుతున్నారో చెప్పే నా లెక్క. అందరూ వదిలేదాకా ఏ ఫైలూ చెరగదు. రాస్తున్నంతసేపూ పోట్లాడుకున్నాం. ఆరింటికి ప్రోగ్రాం ఆగకుండా నడిచింది.

సత్యనారాయణగారు తొంగి చూశారు. "చివరికి ఎవరి టేబుల్ ఉంచారు?"

"మాది," అన్నాం ఇద్దరం.

ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, నోయిడా ఊసెత్తకుండా గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఎవరి చర్చికి వాళ్లు వెళ్లొచ్చాక సరళ నన్ను భోజనానికి వాళ్ల క్వార్టర్‌కి తీసుకెళ్లింది. వాళ్లమ్మ ఆనందకుమారిగారు ఆస్పత్రిలో హెడ్ నర్సు. నన్ను రోగిని చూసినట్టు చూశారు.

"నువ్వేనా బాబూ నోవహువి? ఆర్నెల్లుగా అన్నం దగ్గర నీ మీద ఫిర్యాదులే. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. పాస్టర్‌గారితో మాట్లాడి పెళ్లి చేసేస్తాను. ఆపైన మీ ఇంట్లో మీరు తిట్టుకోండి, నేను ప్రశాంతంగా తింటాను."

"అంతకంటేనా ఆంటీ!" అన్నాను.

ఆవిడ నవ్వి, నా కంచంలో ఇంకో చేపముక్క వేశారు. సరళ నా వైపు ఉరిమి చూసింది.

"వచ్చి పది నిమిషాలు కాలేదు, మా అమ్మని మీ వైపు లాగేసుకున్నారా?"

"ఇంకా నాది, మీది ఏమిటండీ?" అన్నాను.