మనం కాదు... మేం

ఫుట్‌బాల్ మ్యాచ్ డ్రా అయిన మర్నాడు పొద్దున్న, బస్సు డ్రైవరు వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని, టీ ముందు పెట్టుకుని, తాగడం మరిచిపోయాడు. ఓడిపోయి ఉంటే ఈపాటికి తేరుకునేవాడు. ఓటమి ఆయనకు అలవాటే. నాలుగు తిట్లు తిట్టి ముసుగుతన్ని పడుకుంటే తెల్లారేసరికి సర్దుకుంటుంది. గెలిచి ఉంటే చెప్పనే అక్కర్లేదు, ఆ ఆదివారమంతా వీధిలో ఒక్కరినీ ప్రశాంతంగా నడవనిచ్చేవాడు కాదు. డ్రా అలా కాదు. ఏడవడానికీ ఉండదు, నవ్వడానికీ ఉండదు. పైగా ఆట ఇక ముగుస్తుందనగా, చేతికందింది నోటికందకుండా పోయింది.

డిపోలో ఆయన్ని అందరూ 'పెనాల్టీ' అంటారు. మైదానంలో ఎవరు ఎక్కడ జారిపడినా పెనాల్టీ ఇవ్వాల్సిందేనని వాదిస్తాడని ఆ పేరు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఎర్రజట్టు మనిషి. నది అవతల ఉన్న నీలంజట్టంటే ఆయనకు ఒళ్ళుమంట. ఒకసారి కరెంటు పనివాడు నీలం టోపీ పెట్టుకుని వచ్చాడని గుమ్మంలోంచే పంపేస్తే, ఇంటిల్లిపాదీ రెండు రోజులు చీకట్లో కూర్చున్నారు. తను టీవీలో చూస్తే జట్టు ఓడిపోతుందని ఇంకో గట్టి నమ్మకం. అందుకని రేడియోలోనే వింటాడు, అదీ గోడవైపు తిరిగి.

"మనం చివర్లో అలా వెనక్కి తగ్గి ఆడకుండా ఉండాల్సింది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"మనమా? నేనెక్కడ తగ్గాను? నిన్నంతా స్కూలు చొక్కాలకి బొత్తాలు కుడుతూనే ఉన్నాను," అంది భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఫుట్‌బాల్ గురించి ఆవిడకు తెలిసిందల్లా, అది ఉన్న రోజు మొగుడు అన్నం సరిగ్గా తినడన్నదే.

"హాస్యాలొద్దు. మనసేం బాగోలేదు."

"మీ మనసు ఎప్పుడు బాగుందని! ముందా టీ తాగండి. మళ్ళీ వేడి చెయ్యడం నావల్ల కాదు."

ఆవిడ మాటలు రోజూ ఉండేవే. కానీ ఇవాళ ముఖం వేరుగా ఉంది. మాటిమాటికీ కూతురి గది తలుపు వైపు చూస్తోంది. పెనాల్టీ అది గమనించలేదు. ఆయన చెవుల్లో ఇంకా నీలంజట్టు కొట్టిన ఆ చివరి గోల్ మాటే మోగుతోంది.

తలుపు తెరుచుకుని కూతురు వచ్చింది. ఒక్కగానొక్క పిల్ల. ఫిజియోథెరపీ చదివింది. కొన్ని నెలలుగా ఆసుపత్రిలో పని చేస్తోందని ఆయన నమ్మకం. శనివారాలు డ్యూటీ ఎక్కువని బాగా ఆలస్యంగా వస్తుంది. కళ్ళ కింద నలుపుతో, కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, బల్ల దగ్గర కూలబడి బ్రెడ్డు ముందుకు లాక్కుంది.

"రా తల్లీ, నువ్వైనా చెప్పు," అన్నాడు పెనాల్టీ, వినే మనిషి దొరికిన ఆనందంతో. "ఆ నీలంజట్టు పదకొండో నంబరువాడు కాలు పట్టుకుని పడిపోయాడా? ఇక లేవడన్నారా? అంతా నాటకం! మనవాళ్ళ ఊపు తగ్గించడానికి వేసిన వేషం. కాసేపు దొర్లి, లేచొచ్చి, గోల్ కొట్టేశాడు వెధవ!"

"నాటకం కాదు నాన్నా," అంది కూతురు, ఆవలింత ఆపుకుంటూ. "నిజంగానే పిక్క పట్టేసింది. బయటికి పోతానన్నాడు పాపం. మార్చుకునే ఆటగాళ్ళేమో అయిపోయారు. ఇంక చేసేది లేక మేం గట్టిగా పట్టీ చుట్టి..."

బ్రెడ్డు మీద కత్తి ఆగిపోయింది. తల్లి కుట్టుమిషను పక్కన నిలబడిపోయింది.

"ఏమన్నావు?"

"ఏం లేదు నాన్నా. నిద్రమత్తులో ఏదో..."

"మేం అన్నావు."

కూతురు కత్తి బల్లమీద పెట్టేసింది.

"'మనం' అనలేదు. పోనీ 'వాళ్ళు' అనలేదు. 'మేం' అన్నావు. నన్ను అవతల పెట్టి, ఆ నీలంవాళ్ళని కలుపుకుని, మేం అన్నావు!"

ఆ ఇంట్లో ఆట గురించి 'మనం' తప్ప ఇంకో మాట పుట్టలేదు. తండ్రి భుజాలమీద కూర్చుని స్టేడియానికి వెళ్ళిన వయసులోనే ఆ పిల్ల 'మనం గెలిచామా నాన్నా' అని అడిగేది. నాలుక కరుచుకున్నంత మాత్రాన జారిన మాట వెనక్కి రాదు. అలసిపోయిన మనిషి అబద్ధాన్ని మొయ్యలేదు, ఎక్కడో ఒకచోట దించేస్తుంది.

"పొద్దున్నే ఆ మాటలు పట్టుకుని పీకడమేంటండీ, దాన్ని తిననివ్వండి," అంది తల్లి.

"నువ్వుండవే. నీకు తెలుసా?"

ఆవిడ తల దించుకుంది. అంతకంటే జవాబు అక్కర్లేదు.

"బాగుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటే ఏమో అనుకున్నాను. నీలంజట్టులో చేరావా?"

"చేరాను," అంది కూతురు. దాచే ఓపిక కూడా అయిపోయినట్టుంది ఆ గొంతులో. "ఆసుపత్రి పని మొదట్లోనే పోయింది నాన్నా. తాత్కాలికం అన్నారు, అయిపోయిందన్నారు. తర్వాత అన్నిచోట్లా అడిగాను. ముందు మన జట్టుకే వెళ్ళాను. ఆడపిల్లవి, కుర్రాళ్ళు మొహమాటపడతారు, వద్దన్నారు. నీలంవాళ్ళు అవేం అడగలేదు. ఒక ఆటగాడి మోకాలు చూపించి, ఏమైందో చెప్పమన్నారు. చెప్పాను. మర్నాడు రమ్మన్నారు."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఏమనేవాడివి?"

ఏమనేవాడో ముగ్గురికీ తెలుసు. మన జట్టు వద్దన్నదన్న మాట ఆయనకు ఎక్కడో తగిలింది. తగిలినచోట మందు రాసుకోవడం ఆయనకు రాదు, ఎదుటివాళ్ళమీద విరుచుకుపడటమే వచ్చు.

"సరే. జరిగిందేదో జరిగింది. రేపు వెళ్ళి మానేస్తానని చెప్పు."

"మానను నాన్నా."

"డిపోలో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"నేనూ ఒకచోట తలెత్తుకోవాలిగా. ఈ పని నాకు వచ్చు. నచ్చింది కూడా."

"అయితే..."

"తెలుసు. నువ్వు అననక్కర్లేదు. క్లబ్బువాళ్ళు గది ఇస్తామన్నారు. ఇవాళే వెళ్తాను."

అరుపుల్లేవు. అరిచి పోట్లాడటానికి కూడా ఒంట్లో ఓపికుండాలి కదా. కూతురు లేచి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తీసిన చప్పుడు, సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి. పెనాల్టీ బల్లకేసి చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళొద్దనాలని ఉంది. చల్లారిన టీ కప్పుని చేత్తో తిప్పుతున్నాడు.

భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వెళ్తే వెళ్తుంది. మీ పంతం మీది, దాని పంతం దానిది. అడకత్తెరలో పోకచెక్కలా నేనెలాగూ నలుగుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. నిన్న ఆ గోల్ పడగానే ఏమన్నారో గుర్తుందా?"

"ఆటన్నాక సవాలక్ష అంటాం. అవన్నీ గుర్తుంటాయా?"

"నాకు గుర్తుంది. 'ఆ పట్టీ కట్టినోళ్ళ చేతులు పడిపోను' అన్నారు. ఒకసారి అని ఊరుకున్నారా? కడుపు మండినప్పుడల్లా అన్నారు. నేను పక్కనే ఉన్నాను. కట్టింది ఎవరో నాకు తెలుసు. మీ నోరు మూయించలేను, నిజం చెప్పలేను. వేలికి సూది దిగితే, దానికే ఏడుస్తున్నట్టు కూర్చుని ఏడ్చాను."

భార్య వేలికున్న కట్టు పెనాల్టీ అప్పుడు చూశాడు. కన్నబిడ్డ చేతుల్ని తిట్టాడు. నోరారా తిట్టాడు.

లేచి కూతురి గదిలోకి వెళ్ళాడు. ఆమె మంచంమీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"చేతులు చూపించు."

"ఎందుకు?"

"చూపించు తల్లీ."

ఆమె చూపించింది. రెండు బొటనవేళ్ళూ వాచి ఉన్నాయి. ఐసు పట్టుకుని పట్టుకుని అరచేతులు ఎర్రగా పగిలాయి. ఇన్నాళ్ళూ ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఈ చేతులతోనే ఆమె తండ్రి నడుముకు మందు రాసింది, ఆయన ఒక్కసారీ చూడలేదు.

"నొప్పా?"

"ఆటరోజు ఉంటుంది. రేపటికి తగ్గుతుంది."

పెనాల్టీ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని పక్కన కూర్చున్నాడు. "నిన్న నేను ఒక చెడ్డమాటన్నాను. నీ..."

"ఇందాక అమ్మ చెప్తుంటే విన్నాను నాన్నా. మనింటి గోడలు పల్చన," అంది కూతురు. ఆమె కళ్ళు నిండిపోయాయి. "తెలియక అన్నావు."

"తెలియకపోతే మాత్రం? ఎవరో ఒకరి బిడ్డేగా. ఎవరి బిడ్డనైనా అలా అనొచ్చా?" ఆయన ఏడుపు ఆపుకోలేకపోయాడు. "వెళ్ళకు తల్లీ. ఏ జట్టులోనైనా ఉండు. ఇక్కడే ఉండి వెళ్ళిరా."

అంతలో జేబులో ఫోను మోగింది. ఆయన బస్సులో కండక్టరు, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఆ ఫోను స్పీకరులో పెడితే తప్ప వినపడదు.

"ఒరేయ్ పెనాల్టీ! నిద్రపట్టిందా నీకు? టీవీలో మళ్ళీ వేస్తున్నారు. ఆ పట్టీ కట్టింది ఎవరో పిల్లరా, టోపీ పెట్టుకుంది, మొహం కనపడట్లేదు. దాని చేతులు..."

"ఆపు!"

"ఏంట్రా?"

"ఇంకొక్క మాట అనకు. ఆ పిల్ల నా కూతురు."

"ఏ పిల్ల?"

"పట్టీ కట్టిన పిల్ల. మా అమ్మాయి. నీ చేతుల్లో పెరిగిన పిల్లేరా."

అవతల టీవీ శబ్దం తగ్గింది.

"నీలంజట్టులోనా?" అన్నాడు కండక్టరు చివరికి, నీరసంగా.

"నీలంజట్టులోనే."

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు పెనాల్టీ. ఆ ఇంట్లో ఇక అబద్ధాలు ఉండకూడదనుకున్నాడేమో, ముక్కు ఎగబీల్చి మళ్ళీ అన్నాడు. "ఇప్పుడే తెలిసింది."

"మరి... బాగానే కట్టిందిరా. వాడు కాస్త కూడా కుంటలేదు."

పెనాల్టీ ఫోను కూతురి చేతిలో పెట్టాడు. ఆమె ఒకసారి తండ్రి ముఖంలోకి చూసింది. ఆయన చెప్పమన్నట్టు తలూపాడు.

"బాబాయ్," అందామె, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే. ఆ పట్టీ కట్టింది నేనే."