తెరవనివ్వని తలుపు

ఉదయం ఆఫీసుకు బయల్దేరుతూ చిజురు హాల్లో ఆగి పైకి చూసింది. పొగ వస్తే మోగాల్సిన అలారం కప్పుకు లేదు.

“అత్తయ్యా, అలారం ఏదీ?”

“పీకి సొరుగులో పడేశాను. చేప కాల్చానంటే చాలు, చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది.” హిసానో కిరోసిన్ హీటరు పైన కట్టిన తాడు మీద తడి తువ్వాలు ఆరేస్తోంది. బయట జపాన్‌లోని నీగాతా మంచు కిటికీ సగం దాకా పేరుకుంది.

“అక్కడ ఆరేయొద్దని ఎన్నిసార్లు చెప్పాను! జారిపడితే?”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఈ ఇంట్లో నిప్పు చూసుకుంటున్నదాన్ని. నాకు చెబుతావా?”

“భయమేస్తోంది అత్తయ్యా. ఆఫీసులో ఉండగా ఫైరింజన్ గంట వినపడితే మన ఇంటికేనేమోనని కిటికీ దగ్గరికి పరిగెత్తుతాను.”

“అంత భయమైతే నన్ను ఏ ఆశ్రమంలోనో పడేసి రండి. నువ్వూ, నీ మొగుడూ హాయిగా ఉండొచ్చు!”

చిజురు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటుండగా లోపల్నుంచి కేక వినిపించింది.

పరుగున వెళ్లి చూస్తే, హీటరు మీద పడి అంటుకున్న తువ్వాలును హిసానో లాగి విసిరేసినట్టుంది. అది వెళ్లి గదుల మధ్య ఉండే కాగితపు తలుపుకు తగిలింది. కాగితం భగ్గుమంది. చిజురు వంటింట్లోంచి బకెట్టు నీళ్లు తెచ్చేలోపే మంట కప్పును నాకుతోంది. ఇక తన వల్ల కాదని ఆమెకు అర్థమైంది. బకెట్టు వదిలేసి అత్తగారి నడుం పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చి, వీధి తలుపు మూసేసింది. ఫైరింజన్‌కు ఫోన్ చేసింది.

“మీ మామయ్య!” హిసానో ఉన్నట్టుండి తలుపు మీద పడింది. “ఆయన ఫోటో పూజ గూట్లో ఉంది. ఒక్క నిమిషం, తెచ్చేస్తాను!”

“వద్దు! తలుపు తెరిస్తే మంట మీదికొస్తుంది!”

“ఆయన కాలిపోతున్నాడే! వదులు!”

ముసలావిడకు అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో! కొట్టింది, రక్కింది, తిట్టింది. తలుపుకు అడ్డంగా నిలబడ్డ చిజురు వీపుకు వేడి తగులుతోంది. ఆవిణ్ని గట్టిగా వాటేసుకుని, మంచులో పడుతూ లేస్తూ ఎదురింటి దాకా లాక్కుపోయింది.

మంటలు ఆర్పేసరికి ముందు గది, పూజ గూడు బూడిదయ్యాయి. ఎదురింట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న హిసానో కోడలి చెంప మీది గీతలు చూసింది.

“నేనేనా?”

చిజురు చెంపను చేత్తో కప్పుకుంది.

“నొప్పిగా ఉందా?”

“లేదు. నా చేతుల్లోంచి జారిపోతారేమోనని... అదే భయం.”

హిసానో కోడలి చేయి పట్టుకుంది. “నీ మాట వినుంటే... ఆయనది వేరే ఫోటో కూడా లేదు. ముఖం మరిచిపోతానేమోనే అమ్మాయ్.”

అంతలో చిజురు భర్త కెన్సాకు రొప్పుతూ లోపలికి వచ్చాడు. ఇద్దర్నీ చూసి ఏడుపు ఆపుకోవడానికి కనుబొమలు ముడిచి నిలబడ్డాడు.

“అటు చూడండి అత్తయ్యా,” అంది చిజురు మెల్లగా.

హిసానో కొడుకు ముఖాన్ని రెప్ప వేయకుండా చూసింది. “అచ్చం ఆయనే,” అని బావురుమంది. కోడలి చేయి మాత్రం వదల్లేదు.