ఎనిమిది సెకన్ల తీర్పు

"రబ్బరు బొమ్మకి కూడా సిగ్గుండాలంటారా మీరు?"

కాఫీ కప్పు బల్లమీద పడ్డ చప్పుడుకి పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూశారు. పెళ్ళిచూపులుగా ఆ నర్సూ కుర్రాడూ కలవడం అదే మొదటిసారి, ఆమె పిన్ని కుదిర్చింది. కుర్రాడు చేసిన నేరమల్లా తన ఉద్యోగమేమిటో చెప్పడమే: ఆన్‌లైన్‌లో చూడకూడని వీడియోలు తీసేయడం.

అది వినగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. రొమ్ములో గడ్డని ఇంట్లోనే ఎలా పసిగట్టాలో రబ్బరు బొమ్మమీద చూపించిన ఆమె వీడియోని నిన్ననే 'అశ్లీలం' అని తీసేశారు. ఇది మూడోసారి. ఎల్లుండికల్లా ఖాతా మూసేస్తారట. నాలుగేళ్ళ వీడియోలు, ఎవరికీ చెప్పుకోలేక ఆమెకి రాసుకునే ఆడవాళ్ళు, అంతా గాల్లో కలిసినట్టే.

"నన్ను బూతులు తిట్టినవాడి పోస్టు మాత్రం దర్జాగా ఉంది. అదేమంటే భావస్వేచ్ఛట! వాడిది స్వేచ్ఛ, నాది బూతా?"

అతని మొహం పాలిపోయింది. "నీలం గ్లవ్స్... రబ్బరు బొమ్మ... అది తీసేసింది నేనేనండీ."

"చూసే తీశారా?"

"ఎనిమిది సెకన్లు చూస్తాం. సౌండ్ పెట్టం. పెడితే రోజుకి వెయ్యి వీడియోలు తెమలవు."

"చెవులు మూసుకుని తీర్పులు చెబుతారన్నమాట. శెభాష్!"

బ్యాగు తగిలించుకుని విసవిసా వచ్చేసింది. దారిలోనే పిన్ని ఫోను. "ఏమే, అబ్బాయి ఎలా ఉన్నాడు?"

"చెవులు పనిచెయ్యవు పిన్నీ."

"అయ్యయ్యో, వాళ్ళమ్మ చెప్పనేలేదే!"

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగుతుంటే ఫోన్‌లో అతని కంపెనీ నుంచి సందేశం. పొరపాటు మాదే, వీడియో తిరిగి పెట్టాం, ఖాతా ఉంటుంది. ఆస్పత్రి మెట్లమీద, వానకి సగం తడిసి అతను.

"ఎలా చేశారు?"

"మా ఆఫీసులో 'తప్పు నాదే' అని రాసిచ్చే ఫారం ఒకటుందండీ. ఇంతవరకూ ఎవరూ నింపలేదు. ఎక్కడుందో సూపర్‌వైజర్‌కే తెలీదు, గంట వెతికాడు."

"మీకేమీ కాలేదా?"

"ప్రమోషన్ పోయింది. వార్నింగ్ వచ్చింది." తల తుడుచుకున్నాడు. "వీడియో మొత్తం విన్నాను. ఎంత నెమ్మదిగా చెబుతారండీ! నిన్న నామీద అరిచింది మీరేనా అని అనుమానమొచ్చింది."

నవ్వు తన్నుకొచ్చింది, కోపం దాన్ని మించి వచ్చింది. "తప్పు ఒప్పుకున్నవాడికి శిక్షా? మరి ఆ తిట్టినవాడికి?"

"వాడికేం, హాయిగా ఉన్నాడు."

"చూశారా! మా వార్డు సిస్టర్లవి ఇలా తీసేసిన వీడియోలు ఇంకా పద్దెనిమిదున్నాయి. ఒక్కోదానికీ అప్పీలు రాద్దాం. కూర్చోండి."

అతను మెట్టుమీద పక్కనే కూర్చున్నాడు. "అన్నీ అయ్యేసరికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

"ఏం, తొందరా?"

"కాదండీ. తొందరగా అయిపోతాయేమోనని భయం."